లైట్ బిల్ వగైరా

సూరత్‌లో కిరాయికి ఇల్లు దొరకదని ఎవరన్నా అంటే నమ్మకండి. దొరుకుతుంది. దొరకనిది లైట్ బిల్ కలిసిన ఇల్లు. ఇక్కడ కరెంటు బిల్లును లైట్ బిల్ అంటారు. ఫ్యాను తిరిగినా, మిక్సీ అరిచినా, ఫోను చార్జింగు పెట్టినా అంతా లైటే. గోడాదరా గల్లీల్లో మనవాళ్ళకి రూములు చూపించే దలాలీ పని నేను మోకాళ్ళు అరిగేదాకా చేశాను. చివరికి మోకాళ్ళు ముందు రాజీనామా ఇచ్చాయి, వాటి వెనకాల నేనూ ఇచ్చాను. ఇప్పుడు కూర్చుని చేసే పని చూసుకున్నాను. చీరల ప్యాకింగుకి అట్టపెట్టెలు అమ్మే దుకాణం. గిరాకీ లేనప్పుడు కథలు చెబుతుంటాను.

ఈ ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలు నా దుకాణం ముందే నిలబడి, ఫోన్లో ఏదో యాప్ తెరిచి, కిరాయి, కరెంటు, నీళ్ళు అన్నీ కలిసిన ఇళ్ళు మాత్రమే చూపించమని ఒక గడిలో టిక్కు పెడుతుంటారు. చూస్తే ముచ్చటేస్తుంది. బాబూ, ఆ టిక్కు ఒకప్పుడు నేనే. ఆ టిక్కు ఒకసారి ఎంత గట్టిగా తప్పు పడిందో మీకు చెప్పాలి. నేను కొంచెం పెంచి చెబుతానని పేరుంది. పెంచాల్సిన చోట పెంచుతాను, అది నా ధర్మం. కానీ ఈ కథలో పెద్దగా పెంచే అవసరం రాలేదు. అదే నాకు ఇప్పటికీ చిన్న లోటు.

ముందు ఓనర్ల సంగతి. లైట్ బిల్ కలిపి కిరాయికి ఇచ్చే ఓనరంటే మా దలాలుల్లో పులి లాంటివాడు. ఉన్నాడని అందరూ అంటారు, చూసినవాడు ఉండడు. చూశామని నేననుకున్నవన్నీ పిల్లులే. ఒకాయన లైట్ బిల్ కలిపే అన్నాడు, తీరా మనవాళ్ళు దిగాక చూస్తే ఇంట్లో బల్బు పెట్టే హోల్డర్లు లేవు. ఇంకొకాయన అన్నీ కలిపే ఇచ్చాడు కానీ బయటికి వెళ్ళేటప్పుడల్లా బిల్డింగు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఒకసారి ఆ ఫ్యూజుతోనే బార్డోలీలో పెళ్ళికి వెళ్ళిపోయాడు. పెళ్ళి అయి, అప్పగింతలయి, ఆయన చెరకురసం తాగి తీరిగ్గా బస్సు దిగేదాకా నాలుగంతస్తుల జనం మెట్ల మీద కూర్చుని విసనకర్రలు విసురుకున్నారు.

ఈ పనిలో నాకు గురువూ భాగస్వామీ ఒక్కరే, సౌరాష్ట్ర వైపు నుంచి వచ్చిన ఒక కాకా. గుజరాతీ ఓనర్లు ఆయన వైపు, తెలుగు కిరాయిదార్లు నా వైపు. ఓనరు చెప్పింది కాకా నాకు చెప్పేవాడు, నేను మనవాళ్ళకి చెప్పేవాణ్ణి. బంగారం లాంటి ఏర్పాటు. ఒక్కటే చిక్కు, కాకా నోట్లో మావా. వక్కపలుకులూ పొగాకూ సున్నమూ కలిపి, కవరులో వేసి అరచేతుల మధ్య రుద్ది దవడలోకి తోసేదాన్ని ఇక్కడ మావా అంటారు. కాకా దవడ ఖాళీగా ఉండగా చూసినవాడు లేడు. ఆయన పళ్ళు ఎలా ఉంటాయో పెళ్ళాడిన కాకీకే తెలియదని చెప్పుకునేవారు. అందుకని ఆయన మాటలో ముందు సగమే బయటికి వచ్చేది, వెనక సగం మావాలో నానుతుండేది. "రూమ్ ఖా..." అంటే ఖాలీ. "పాణీ సవా..." అంటే సవారే, నీళ్ళు పొద్దున వస్తాయని. మిగతా సగం పూరించుకోవడం నాకు వచ్చేసింది. వచ్చేసిందని అనుకున్నాను.

అప్పటికి నేను లూమ్ మానేసి దలాలీలోకి దిగి కొద్ది నెలలే. హిందీ బాగా వచ్చు. గుజరాతీ అర్థమవుతుందని నమ్మే దశలో ఉన్నాను. అంతకన్నా ప్రమాదకరమైన దశ ఇంకోటి లేదు.

అలాంటప్పుడు నా దగ్గరికి సిరిసిల్ల వైపు జంట ఒకటి వచ్చింది. ఆయనకి పవర్‌లూమ్ కార్ఖానాలో పని. ఆమె ఇంట్లో మోటరు మిషన్ పెట్టుకుని చీరల అంచులకి కుచ్చుల జాలర్లు కుట్టేది. ఆ మిషన్ ఆమె సొంతంగా కొనుక్కున్నది. సంగతేంటో చూద్దామని నేను వెళ్ళేసరికి పాత రూములో దాని మీద ఒక చెయ్యి వేసి కూర్చుంది, సంతలో గేదె పక్కన కూర్చున్నట్టు.

"ఏంది చెల్లె, ఈ రూముకేమైంది?" అన్నాను.

"ఏమయ్యేదుందన్నా. బిల్డింగు మొత్తం బిల్లు నా మిషన్ మీదనే రుద్దుతుండు ఓనరు. మెట్ల కాడ బల్బు ఎలిగినా నాదే, పైన పంపు నడిచినా నాదే. మొన్న పక్కింటాయన టీవీ గట్టిగ పెడితె గా బిల్లు గూడ నాదేనన్నడు."

"లైట్ బిల్ కలిసిన ఇల్లు దొరకాలె అన్నా," అన్నాడు భర్త. "లేకుంటె మిషన్ అమ్మి, కడోదరాల మా అన్న రూముల జర సర్దుకుంటం."

ఆమె ఆయన వైపు చూడకుండా నాతో అంది. "మిషనైతె అమ్మేదే లేదు. మిషన్ ఏడుంటె నేను గాడుంట. ఆయన ఏడుంటడో ఆయనిష్టం."

భర్త నా వైపు చూశాడు. ఇల్లు దొరక్కపోతే ఈ మనిషి మిషన్ పోగొట్టుకుంటాడో, పెళ్ళాన్ని పోగొట్టుకుంటాడో నాకూ తేలలేదు. ఆమెకి మాత్రం తేలిపోయింది, మిషన్ పోతే తన బతుకు పోయినట్టే.

ఆ వారంలోనే కాకా ఒక ఇంటి కబురు తెచ్చాడు. నాలుగంతస్తుల బిల్డింగు, లిఫ్టు లేదు. రెండో అంతస్తులో ఓనరు ఉంటుంది, ఒంటరి ముసలావిడ. ఆమె నెత్తి మీద మూడో అంతస్తు ఖాళీ. ఒక గది, వంటిల్లు, గాలి బాగా వస్తుంది. అద్దె మనకి అందేంతే. ఇదంతా చెప్పి కాకా మావాని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చి, "లైట్ బిల్ వగ..." అన్నాడు.

వగ. తర్వాత ఏముంటుంది? మీరే చెప్పండి. పుట్టినప్పటి నుంచి ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడినవాడికి వగ తర్వాత ఏం తోస్తుంది? వగైరా. కిరాయిలోనే లైట్ బిల్, నీళ్ళ బిల్, వగైరా వగైరా. పులి దొరికింది. నడిరోడ్డు మీద కాకాని కౌగిలించుకున్నాను. ఆయన చొక్కా మీద రెండు ఎర్ర చుక్కలు పడ్డాయి, నా మీద నాలుగు. అక్కడే నిలబడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: లైట్ బిల్ వగైరా కలిపి ఇల్లు దొరికింది, నేనే పట్టాను.

ఇల్లు చూడటానికి జంటని తీసుకుని వెళ్ళాం. ముసలావిడని అందరూ బా అంటారు, అమ్మ అన్నట్టు. తెల్ల చీర, చెవులకి బరువైన కమ్మలు, కళ్ళ కింద నల్లటి సంచులు. నిద్రపోయి యుగమైనట్టుంది. కూర్చోబెట్టి, ఇంత పొడుగు గ్లాసుల్లో మజ్జిగ పోసింది. చెల్లె సగం తాగేసరికి బా మళ్ళీ చెంబు వంచింది.

"చాలు బా, చాలు," అంది చెల్లె.

బా ఆగలేదు. గ్లాసు నిండింది. "చాలు చాలు," అంది చెల్లె గ్లాసు వెనక్కి తీసుకుంటూ. బా గ్లాసు వెంటే చెంబు పంపింది. మజ్జిగ పళ్ళెంలోకి, పళ్ళెం నుంచి బండల మీదికి పారింది. భర్త అడ్డుపడి, "చాలమ్మా, చాలు," అనేసరికి ఆయన గ్లాసూ పొంగింది.

మన చాలు అంటే ఇక వద్దని. వాళ్ళ చాలు అంటే నడవనీ, ఆపకు అని. మన దగ్గర మోటరు చాలూ చేసిండు అంటామే, అదే మాట. బా దృష్టిలో ఆ పిల్ల ఆపకుండా పోయమని బతిమాలుతోంది. ఇంత మర్యాదగా అడిగే కిరాయిదారు బాకి ఎప్పుడూ దొరికి ఉండదు. నేను చెప్పొచ్చు. కానీ వినోదం ఊరికే పారుతుంటే ఆనకట్ట కట్టే రకం కాదు నేను.

అద్దె మాట వచ్చింది. కాకా "లైట్ బిల్ వగ..." అన్నాడు. నేను "వగైరా, వగైరా," అని తలూపాను. బా కూడా సంతోషంగా తలూపింది. అంతమంది ఒకేసారి తలూపిన బేరం నా జీవితంలో మళ్ళీ జరగలేదు.

ఇల్లు మారారు. మిషన్ కిటికీ పక్కన స్థిరపడింది. గోడాదరాలో నా పేరు మారుమోగింది. లైట్ బిల్ కలిపే ఓనర్ని కళ్ళారా చూసినవాడు అని కొత్తవాళ్ళకి నన్ను దూరం నుంచి చూపించేవారు. ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని తన కొడుకు తల మీద పెట్టించుకున్నాడు. నేనూ అడ్డు చెప్పలేదు. చెల్లె సకినాలు చేసి పంపింది. అవి తింటూ నేను, బిల్లు కాగితం ఇంకా రాలేదన్న సంగతే మరిచిపోయాను.

బిల్లు వచ్చిన రోజు చెల్లె ఫోను చేసింది.

"అన్నా, తలుపు కిందికెళ్ళి కాగితం అచ్చింది. గిది బాది గదా, మాకెందుకేసింది?"

"పొరపాటున పడుంటది. నేను అడుగుత," అన్నాను ధీమాగా. వెళ్తూ వెళ్తూ టీ కొట్టు దగ్గర ఆగాను. నా పక్కన ఒక సేఠ్ "ఖాండ్ వగర్‌నీ చా" అని చెప్పాడు. ఖాండ్ అంటే చక్కెర. చక్కెర వగైరా టీ. అల్లం, యాలకులు, అన్నీ వేస్తారు కాబోలు, ఇన్నాళ్ళూ నాకీ కిటుకు తెలియలేదే అనుకుని నేనూ అదే చెప్పాను.

ఒక్క గుక్క తాగాను. వేపాకు కషాయం.

"భాయ్, చక్కెర ఏది?" అన్నాను.

"వగర్ అన్నావు కదా భాయ్," అన్నాడు టీ కొట్టతను. "వగర్ అంటే లేకుండా. షుగరుందేమో అనుకున్నా."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. లైట్ బిల్ వగర్. లైట్ బిల్ లేకుండా. కిరాయి మాత్రమే, బిల్లు మీది. నేను పట్టుకున్న పులి మ్యావుమంది.

ఈ సంగతి చెల్లెకి చెప్పాను. ఆమె మిషన్ స్విచ్చి ఆపి, దాని మీద పాత చీర కప్పింది. ఆ రోజు నుంచి అది మళ్ళీ పలకలేదు. భర్త ఆ బిల్లు కాగితాన్ని తిరిగి బా తలుపు కిందికే తోసి, కడోదరా అన్నకి ఫోన్లు మొదలుపెట్టాడు. నేను బా దగ్గరికి పోదామనుకుంటూనే పూటకో సాకు వెదుక్కున్నాను. రెండు మూడు రోజులు గడిచేసరికి బా నుంచే కబురు వచ్చింది: కాకాని తీసుకుని మధ్యాహ్నం మూడో అంతస్తుకి రా.

మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ మెట్లెక్కని బా ఆ రోజు మూడో అంతస్తు ఎక్కింది. చేతిలో బిల్లు, కళ్ళ కింద సంచులు ఇంకా బరువుగా. కిందా పైనా ఇళ్ళవాళ్ళు మెట్ల మీద సర్దుకుని కూర్చున్నారు. ఎవరో వేయించిన పల్లీలు కూడా తెచ్చుకున్నారు.

"నేనేమన్నాను, నువ్వేం చెప్పావు?" అని బా కాకాని నిలదీసింది. ఆమె గుజరాతీని మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"లైట్ బిల్ వగ..." అన్నాడు కాకా.

"వగ తర్వాత?" అన్నాను నేను.

"వగ..."

"తర్వాత?" అన్నారు మెట్ల మీద జనం ఒక్క గొంతుతో.

"ముందు ఆ పెంట ఉమ్మి రా," అంది బా.

కాకా ముఖం పాలిపోయింది. బతిమాలాడు. బా కదల్లేదు. చివరికి మోరీ దగ్గరికి వెళ్ళి, ఉమ్మి, పుక్కిలించి, ఇంకోసారి పుక్కిలించి, కండువాతో మూతి తుడుచుకుని వచ్చాడు. నోరు తెరిచాడు. చక్కటి పలువరస. మెట్ల మీద ఒకావిడ "అరెరె, ఎంత బాగున్నాయి," అంది. కాకా గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గుండ్రంగా పలికాడు.

"లైట్ బిల్ వగర్."

సందేహానికి చోటే లేదు. పల్లీల చప్పుడు కూడా ఆగిపోయింది.

"గంతే. అయిపాయె," అన్నాడు భర్త. "అన్నకు చెప్త, రేపు టెంపో మాట్లాడుతడు."

చెల్లె లేచింది. మిషన్ మీది పాత చీర తీసి మడతపెట్టింది. మోటరుకీ చక్రానికీ మధ్య ఉన్న బెల్టు ఊడదీయడం మొదలుపెట్టింది. ఎవరి వైపూ చూడలేదు.

"చాలు," అంది. "చాలు బా. ఇగ చాలు."

బా ముఖంలో ఒక్కసారిగా దీపం వెలిగింది. "చాలు?" అంది ముందుకు వంగి. "హా, చాలు! చాలు!"

మన దగ్గర మోటరు చాలూ చేసుడు చెల్లెకీ తెలుసు. కానీ బిల్లు పట్టుకుని ఇంటి మీదికి వచ్చిన ముసలావిడ నోట చాలు అని వింటే ఎవరికి ఏ అర్థం తడుతుంది?

"తీస్తున్న గదా బా," అంది. "జర ఆగున్రి. చాలన్నంక ఎందుకుంట నేను?"

ఆమె బెల్టు లాగినకొద్దీ బా మిషన్ వైపు వేలు చూపిస్తూ చాలు చాలు అంటుంది. బా అన్నకొద్దీ చెల్లె ఇంకా గట్టిగా లాగుతుంది. ఇద్దరిదీ ఒకటే మాట. ఒకరు విప్పేస్తున్నారు, ఒకరు నడపమంటున్నారు. మొత్తం బిల్డింగులో ఈ రెండు చాలులూ వేరని పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు నవ్వాగలేదు. గోడ పట్టుకుని, గోడ చాలక కాకాని పట్టుకుని నవ్వాను.

"ఏం మనిషివే అన్నా," అన్నాడు భర్త. "ఇంట్లకెళ్ళి ఎల్లగొడ్తుంటె నవ్వొస్తుందా నీకు?"

"ఎల్లగొడ్తలేదురా బాబూ. మిషన్ ఎందుకు ఆపిన్రని అడుగుతుంది."

చెల్లె చెయ్యి ఆగింది. నేను బా వైపు తిరిగి అడిగాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

బా కాపురం చేసిందంతా లూమ్ కార్ఖానా గోడ పక్కన. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆ టకటకలోనే తిన్నది, పడుకున్నది. సూరత్‌లో అలాంటివాళ్ళు ఎంతమందో ఉన్నారు, చప్పుడుకి నిద్రపోయి, చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఈ బిల్డింగులోకి మారాక చుట్టూ నిశ్శబ్దం. భోజనమయ్యాక నడుం వాల్చితే కళ్ళు మూతపడేవి కాదు. చెల్లె మిషన్ వచ్చాక నెత్తి మీద మళ్ళీ చప్పుడు మొదలైంది, బాకి మధ్యాహ్నపు నిద్ర వచ్చింది.

"రెండు మూడు రోజులుగా బంద్," అంది బా. "మొదటి రోజు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా. రెండో రోజు దారం అయిపోయిందేమో అనుకున్నా. ఇవాళ ఇంక లాభంలేదని నేనే ఎక్కి వచ్చా. బిల్లు ఎలాగూ అడగాలి కదా అని అదీ పట్టుకొచ్చా. దీక్రీ, ఎందుకు ఆపావే?"

దీక్రీ అంటే కూతురని చెల్లెకి తెలుసు. మిగతాది నేను చెప్పాను. విన్నది. ఊడదీసిన బెల్టు ఒళ్ళో పెట్టుకుని, నింపాదిగా స్టూలు మీద కూర్చుంది. చేతులు కట్టుకుంది. ఆ పిల్లలో అంతకు ముందు క్షణం దాకా లేని బేరగత్తె ఒకతె లేచి నిలబడటం నా కళ్ళతో చూశాను.

"అన్నా, బాకు చెప్పు," అంది. "మిషన్ చాలూ ఉండాల్నంటె లైట్ బిల్ వగైరా. లైట్ బిల్ వగర్ అంటె మిషన్ బంద్."

అంత సాఫీగా ఆ రెండు ముక్కల్నీ విడదీసి వాడిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. చెప్పాను. బా బిల్లు వైపు చూసింది. మిషన్ వైపు చూసింది. మళ్ళీ బిల్లు వైపు చూసింది. అప్పుడు ఆమెకొక ఆవలింత వచ్చింది. దవడలు రెండూ విడిపోయేంత ఆవలింత. చూసినవాళ్ళందరికీ అంటుకుంది. మెట్ల మీద కింద మెట్టు దాకా వరసగా నోళ్ళు తెరుచుకున్నాయి.

నోరు మూసుకున్నాక బా బిల్లుని నాలుగు మడతలు పెట్టి చీర కుచ్చిళ్ళలో దోపుకుంది. కాకా వైపు తిరిగింది.

"నేను వగర్ అనలేదు. వగేరే అన్నాను."

గుజరాతీలో వగేరే అంటే మన వగైరాయే. రెండు గుణింతాల తేడా. కాకా నోరు తెరుచుకుని ఉండిపోయింది, అంత అందమైన పలువరస మళ్ళీ కనబడింది.

"బా, మీరు వగర్ అన్నారు. నా చెవులతో విన్నాను."

"నీ నోట్లో మావా ఉంది. నీకేం వినపడుతుంది?"

"మావా నోట్లో ఉంటే చెవికేమైంది బా?"

"నోరు నిండినవాడికి చెవి మూసుకుంటుంది. ఈ తెలుగు భాయ్‌ని చూడు, సగం మాట విని సరిగ్గా అర్థం చేసుకున్నాడు."

కాకా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. జీవితంలో ఒకే ఒక్కసారి మావా ఉమ్మి, ఒక మాట పూర్తిగా, నిజంగా పలికితే దానికి దక్కిన ఫలితం అది. అక్కడే జేబులోంచి పొట్లం తీసి, అరచేతిలో రుద్ది, దవడలోకి తోసుకున్నాడు. ఆ తర్వాత ఆయన పళ్ళు ఎవరూ చూడలేదు.

చెల్లె బెల్టు తగిలించింది. స్విచ్చి వేసింది. మిషన్ గురగురమంది, సూది కదిలింది. బా అక్కడే కుర్చీలో వెనక్కి వాలి, బెల్టు రెండు చుట్లు తిరిగేలోపు గుర్రు పెట్టింది. ఇక ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు. చెల్లె ఉన్న చీరలన్నిటికీ జాలర్లు కుట్టేసింది. చీరలయిపోతే కిటికీ పరదాలకి కుట్టింది. పరదాలయిపోతే భర్త లుంగీకి కుట్టింది, ఆయన అందులో ఉండగానే. బా లేచేసరికి పొద్దు వాలింది. నేను ఇంటికి వెళ్ళి జేబులో చెయ్యి పెడితే నా చేతిరుమాలుకి చుట్టూ గులాబీ రంగు జాలరు ఉంది. పెంచానంటారా? రుమాలు దుకాణంలోనే ఉంది, వచ్చి చూసుకోండి.

దలాలీలో మిగతా ఏళ్ళన్నీ నేను ప్రతి బేరంలో ప్రతి మాటనీ చివరిదాకా పలికించి విన్నాను. మీరూ అలాగే చెయ్యండి. లైట్ బిల్ కలిసిన ఇంటికి ఫోన్లో టిక్కు పెట్టాక, ఆ ఓనరు ఏ చప్పుడుకి నిద్రపోతుందో కూడా కనుక్కోండి. అది ఏ యాప్‌లోనూ ఉండదు.

చెల్లె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. పాత మిషన్ పక్కన ఇంకోటి చేరింది. మొన్న అటువైపు పనిపడి మధ్యాహ్నం పూట ఆ మెట్ల కింద కాసేపు నిలబడ్డాను, మోకాళ్ళు ఎక్కనివ్వక. పైన మిషన్ నడుస్తోంది. దారం మార్చుకుంటుందేమో, మధ్యలో ఆగింది. వెంటనే రెండో అంతస్తు కిటికీలోంచి బా గొంతు వినపడింది, "చాలు!"

మూడో అంతస్తు నుంచి చెల్లె, "ఆ బా, చాలు చాలు!" అంది. మిషన్ మళ్ళీ మొదలైంది.

చాలు అనగానే పని షురూ అయ్యే తెలుగిల్లు, నాకు తెలిసి, భూమి మీద అదొక్కటే.